‘నిన్న ఏం తిన్నారు?’ అని అడగడమూ ఒక నైపుణ్యమే

ఓ చిన్న పరీక్షతో మొదలుపెడదాం. మొన్న రాత్రి మీరేం తిన్నారు? ‘అన్నం, పప్పు’ అంటే సరిపోదు. అన్నం ఎన్ని గ్రాములు? పప్పులో నూనె ఎంత పడింది? రూమ్‌మేట్ ప్యాకెట్‌లోంచి తీసుకున్న చిప్స్ లెక్కలో వేశారా? సాయంత్రం చాయ్‌లో చక్కెర ఎన్ని చెంచాలు?

చెప్పలేకపోయారా? కంగారేం లేదు. దాదాపు ఎవరూ చెప్పలేరు. కానీ ‘ఇది ఎక్కువ తింటే షుగర్ వస్తుంది’, ‘ఫలానా రాష్ట్రంలో జనానికి ప్రొటీన్ చాలడం లేదు’ అంటూ మనం చదివే వార్తల్లో చాలావాటి వెనక ఉన్న డేటా ఇలాంటి జవాబుల నుంచే వస్తుంది. ఎవరో ఒకరు ఇంటికెళ్లి అడుగుతారు. ఇంట్లోవాళ్లు గుర్తున్నంత చెబుతారు. అదే ఎక్సెల్ షీట్‌లోకి, అక్కడి నుంచి పరిశోధన పత్రంలోకి, ప్రభుత్వ పథకంలోకి వెళ్తుంది.

డేటా సైన్స్ కోర్సుల్లో మోడళ్ల గురించి గంటలకొద్దీ వింటాం. ఆ డేటా ఎక్కడ పుట్టిందని మాత్రం అడగం. ఆహార సర్వేల కథ తెలుసుకుంటే ఆ ప్రశ్న ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. పైగా ఇందులో ఉద్యోగాలూ ఉన్నాయి. పెబ్బేరు, కొత్తకోట, గద్వాల లాంటి చోట్ల పెరిగినవాళ్లకు సిటీవాళ్ల కంటే ఓ అడుగు ముందుండే వీలుంది. ఎలాగో చూద్దాం.

కాటాలోనే తేడా ఉంటే..

పల్లికాయ అమ్మడానికి మార్కెట్ యార్డుకు వెళ్లే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. కాటా ఒకసారి కాస్త ఎక్కువ, ఇంకోసారి కాస్త తక్కువ చూపిస్తుంటే, వంద బస్తాలు తూచేసరికి ఆ తేడాలు సర్దుకుంటాయి. అదే కాటా ప్రతి బస్తాకూ రెండు కిలోలు తక్కువే చూపిస్తుంటే? వెయ్యి బస్తాలు తూచినా సరికాదు. ఎన్ని బస్తాలు తూస్తే అంత నష్టం.

మొదటిదాన్ని యాదృచ్ఛిక దోషం అంటారు. రెండోది బయాస్, అంటే ఒకవైపే మొగ్గే దోషం. శాంపిల్ పెంచితే మొదటిది తగ్గుతుంది. రెండోది తగ్గదు. ఆహార సర్వేల అసలు సమస్య ఈ రెండోదే.

ఇది అనుమానం కాదు, కొలిచి చూసిన సంగతి. మనిషి ఎంత శక్తి ఖర్చు చేస్తున్నాడో అడగకుండానే తెలుసుకునే పద్ధతి ఒకటుంది. దాని పేరు డబ్లీ లేబుల్డ్ వాటర్. డ్యుటీరియం, ఆక్సిజన్-18 అనే బరువైన ఐసోటోపులు కలిపిన నీళ్లు తాగిస్తారు. వారం, రెండు వారాల పాటు మూత్రం నమూనాలు పరీక్షిస్తారు. హైడ్రోజన్ ఒంట్లోంచి నీటి రూపంలోనే పోతుంది. ఆక్సిజన్ నీటితోపాటు కార్బన్ డయాక్సైడ్‌గా కూడా పోతుంది. ఈ రెండింటి వేగంలో తేడాను బట్టి ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడిందో, ఎంత శక్తి ఖర్చయిందో లెక్కగడతారు. బరువు మారకుండా ఉన్న మనిషికి ఖర్చెంతో తిండీ అంతే కదా! నోటిమాటను దీనితో పోల్చి చూడొచ్చు.

పోల్చి చూస్తే ఏం తేలింది? ‘ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గట్లేదు’ అని చెప్పిన కొందరిని పరీక్షించిన ఫలితాలు 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శారీరక శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారు. ఇది బరువు సమస్య ఉన్న చిన్న బృందం కథ. మరి మిగతావాళ్లు? 2003లో అమెరికాలో 484 మందితో చేసిన ‘ఓపెన్’ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ‘నిన్న ఏం తిన్నారు’ అని అడిగినప్పుడు మగవాళ్లు 12 నుంచి 14 శాతం, ఆడవాళ్లు 16 నుంచి 20 శాతం శక్తిని తక్కువగా చెప్పారు. ‘ఏడాదిలో ఏది ఎన్నిసార్లు తింటారు’ అనే ప్రశ్నాపత్రంలోనైతే ఆ తేడా 31 శాతం దాటింది.

వీళ్లంతా అబద్ధాలకోరులు అనుకోవద్దు. మనసు పనిచేసే తీరే అంత. తిన్నది మర్చిపోతాం. పరిమాణం అంచనా వేయలేం. మంచిదనిపించేది కొంచెం ఎక్కువ, చెడ్డదనిపించేది కొంచెం తక్కువ చెబుతాం.

ఒక్కో జనానికి ఒక్కో తేడా

అందరూ ఒకేలా 15 శాతం తగ్గించి చెబితే పెద్ద ఇబ్బంది లేదు, కలిపేసుకోవచ్చు. చిక్కేంటంటే ఈ తేడా మనిషిని బట్టి, ఊరిని బట్టి, ఆడా మగా బట్టి మారుతుంది. అధిక బరువున్నవాళ్లు ఎక్కువగా తగ్గించి చెబుతారని అనేక అధ్యయనాల్లో కనిపించింది.

దీనివల్ల ఏమవుతుందో ఓ ఊహా లెక్కతో చూడండి. హైదరాబాద్‌లో ఒకరు, పెబ్బేరులో ఒకరు. ఇద్దరూ తినేది రోజుకు 2,000 కిలో కేలరీలే. కేలరీల గురించి రోజూ వినే హైదరాబాదీ కాస్త జంకి 1,500కు సరిపోయే జవాబు చెప్పాడు. పెబ్బేరు మనిషి జవాబు 1,900కు వచ్చింది. రిపోర్టులో ఏం రాస్తారు? ‘గ్రామీణులు పట్టణవాసుల కంటే 400 కిలో కేలరీలు ఎక్కువ తింటున్నారు’ అని! అసలు లేని తేడా పుట్టుకొచ్చింది. దాని మీద ఓ పథకం కూడా రావచ్చు.

కొన్నిసార్లు సమాజం ఏమనుకుంటుందోనన్న భయమే జవాబును మారుస్తుంది. 2014 నాటి ఎస్‌ఆర్‌ఎస్ బేస్‌లైన్ సర్వేలో తెలంగాణలో దాదాపు 99 శాతం మంది మాంసాహారులమని చెప్పారు. యాట కూర, కోడి కూర గురించి చెప్పడానికి ఇక్కడ ఎవరికీ మొహమాటం లేదు. దేశమంతా అలా ఉండదు. సామాజిక, రాజకీయ ఒత్తిడి వల్ల శాకాహారుల లెక్క అసలు కంటే ఎక్కువగా, మాంసం తినేవాళ్ల లెక్క తక్కువగా నమోదవుతోందని పరిశోధకులు బాలమురళి నటరాజన్, సూరజ్ జాకబ్ 2018లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వాదించారు. ప్రశ్న ఒకటే. అడిగే చోటును బట్టి జవాబు బరువు మారిపోతోంది.

పెబ్బేరులో ఒక పళ్లెం

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 44వ నంబరు జాతీయ రహదారి మీద, కృష్ణానదికి దగ్గర్లో ఉన్న ఊరు పెబ్బేరు. ఓ సర్వే కుర్రాడు ట్యాబ్ పట్టుకుని ఓ ఇంటికెళ్లాడనుకోండి. సంభాషణ దాదాపు ఇలా సాగుతుంది.

‘పెద్దమ్మా, నిన్న ఏమేం తిన్నరు?’

‘ఏముంటది బిడ్డా, రోజు తినేదే. పొద్దుగాల రొట్టె, మాపటికి గింత అన్నం.’

అనుభవం లేనివాళ్లు ‘రొట్టె 2, అన్నం 1 కప్పు’ అని కొట్టేసి పక్కింటికి వెళ్లిపోతారు. ఇక్కడే మొత్తం పోతుంది. ‘రొట్టె’ అంటే ఎంత? ఒక ఇంట్లో 60 గ్రాముల జొన్నపిండితో చేస్తే, ఇంకో ఇంట్లో 100 గ్రాములతో చేయొచ్చు. వంద గ్రాముల జొన్నల్లో సుమారు 330 కిలో కేలరీలుంటాయి. అంటే రొట్టెకు 130 తేడా. మూడు రొట్టెలు తింటే దాదాపు 400!

ఇంకా ఉంది. పెద్దమ్మ చెప్పని లిస్టు చూడండి. పొద్దట్నుంచి నాలుగు చాయ్‌లు. ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర వేసినా మొత్తం 40 గ్రాములు, అంటే 160 కిలో కేలరీలు. చేనులో పనిచేస్తూ నమిలిన గుప్పెడు పల్లీలు, ఇంకో 150. వంట చేస్తూ రుచి చూసింది, మనవడు వదిలేస్తే పారేయలేక తిన్నది, సంతకు పోయినప్పుడు తిన్న మిర్చి, ఇంటాయనైతే సాయంత్రం తాగిన కల్లు. ఇవేవీ ‘తిండి’ కింద ఆమె లెక్కలోకి రావు. మన భాషలో ‘తిన్నవా?’ అంటే అర్థం ‘అన్నం తిన్నవా?’ అనే. చాయ్ తాగేది, పల్లీలు నమిలేది, తినేది కాదు!

ఒకే గిన్నెలోంచి పిల్లలతో కలిసి తినడం, చేత్తోనే ఉప్పు వేయడం, నూనె ప్యాకెట్లోంచి నేరుగా పోయడం.. ఇవన్నీ లెక్కను ఇంకా కష్టం చేస్తాయి. విదేశాల్లో తయారైన ఫారంలో ‘బ్రెడ్ ఎన్ని స్లైసులు’ అనే గడి ఉంటుంది. గట్కకు, పచ్చి పులుసుకు, ఉగ్గానికి గడి ఉండదు. అందుకే ఏ జనానికి వాడే ప్రశ్నాపత్రాన్ని ఆ జనంలోనే పరీక్షించి చూడాలి.

తార్నాక నేర్పిన లెక్క

ఈ పనిలో మన రాష్ట్రానికి పెద్ద చరిత్రే ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై మొదలుపెట్టిన చిన్న పరిశోధన విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. తార్నాకలో ఉన్న ఆ సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌ఐఎన్. 1972లో దీని కేంద్రంగా ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో దశాబ్దాల పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి తిండి లెక్కలు రాసింది.

వాళ్ల పద్ధతి గమనించండి. ‘ఎన్ని గ్రాములు తిన్నారు’ అని అడగరు. కొలత కప్పులు, చెంచాలు వెంట తీసుకెళ్తారు. ఇంట్లో ఎంత బియ్యం వండారు? అన్నం అయ్యాక మొత్తం ఎన్ని కప్పులైంది? మీరు ఎన్ని కప్పులు పెట్టుకున్నారు? ఉదాహరణకు కిలో బియ్యం వండితే 12 కప్పుల అన్నమైంది, పెద్దమ్మ 3 కప్పులు తిన్నది. 1000ని 12తో భాగించి 3తో గుణిస్తే 250 గ్రాముల బియ్యం. గ్రాముల పని సర్వే మనిషిది. పెద్దమ్మ పని కప్పు చూపించడమే.

తర్వాత ఆ 250 గ్రాముల్లో ఏముందో తెలియాలి. దానికి ఎన్‌ఐఎన్ 2017లో ప్రచురించిన ‘ఇండియన్ ఫుడ్ కంపోజిషన్ టేబుల్స్’ ఉన్నాయి. దేశవ్యాప్తంగా సేకరించిన 528 ఆహారాల్లోని పోషకాలను ప్రయోగశాలలో కొలిచి ఇందులో ఇచ్చారు. హెల్త్ యాప్ చేయాలనుకునే కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు ముందుగా తెరవాల్సింది ఇదే. అమెరికా డేటాబేస్ పట్టుకుని జొన్న సంకటి లెక్క తీయలేం.

ప్రశ్న మారితే పేదరికమే మారింది

‘ఇదంతా డాక్టర్ల గొడవ, మనకెందుకు?’ అనిపిస్తోందా? జాతీయ శాంపిల్ సర్వే కథ వినండి. ఇంటి ఖర్చుల సర్వేలో ‘గత 30 రోజుల్లో’ అని అడిగేవాళ్లు. 1990ల్లో ప్రయోగం కోసం కొన్ని కుటుంబాలను, తిండి ఖర్చు వరకు, ‘గత 7 రోజుల్లో’ అని అడిగారు. వారం ప్రశ్నకు చెప్పిన ఖర్చు ఎక్కువొచ్చింది. ఎంతగా అంటే, ఆ లెక్కన చూస్తే దేశంలో పేదల సంఖ్య దాదాపు సగానికి పడిపోతుంది! ఎవరి పళ్లెంలోనూ మెతుకు పెరగలేదు. ప్రశ్నలో రోజులు మారాయంతే. 1999-2000 సర్వేలో ఒకే ఫారంలో రెండు ప్రశ్నలూ పక్కపక్కనే పెట్టడంతో పాత లెక్కలతో పోలికే కుదరకుండా పోయింది. ఆ వివాదంపై పనిచేసిన ఆర్థికవేత్తల్లో ఒకరైన ఆంగస్ డీటన్‌కు 2015లో నోబెల్ వచ్చింది.

2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేలో ప్రశ్నలను మూడు భాగాలు చేసి, ఒక్కో కుటుంబం దగ్గరికి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్లారు. ట్యాబ్‌లలో జవాబులు నమోదు చేశారు. ఒకేసారి గంటలకొద్దీ అడిగితే చెప్పేవాళ్లకు విసుగొస్తుంది, జవాబులు పలచబడతాయి.

ఒళ్లు చెప్పే సాక్ష్యం

నోటిమాట నమ్మలేని చోట ఒంటినే అడగొచ్చు. ఉప్పు సంగతే చూడండి. వంటలో చిటికెడు, పచ్చడిలో ఎంతో, అప్పడంలో ఎంతో.. ఎవరూ చెప్పలేరు. కానీ తిన్న సోడియంలో దాదాపు 90 శాతం మూత్రంలో బయటికొస్తుంది. 24 గంటల మూత్రం సేకరిస్తే లెక్క తేలిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇలా కొలిస్తే సగటున రోజుకు 9 గ్రాములకు పైగా ఉప్పు తింటున్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి 5 గ్రాములే. ప్రొటీన్‌కూ ఇలాంటి దారి ఉంది, మూత్రంలోని నైట్రోజన్ కొలవడం.

మరి అందరికీ ఇదే చేయొచ్చుగా? ఆక్సిజన్-18 ఖరీదు ఎక్కువ. రోజంతా మూత్రం సీసాలో పట్టి ఇమ్మంటే చాలామంది ఒప్పుకోరు. ఏ కూరగాయ తిన్నారో, ఏ పూట తిన్నారో మూత్రం చెప్పదు. అందుకే అడగడం తప్పదు. కొద్దిమందిని కొలిచి, ఎక్కువమందిని అడిగి, మొదటిదానితో రెండోదాన్ని సరిచూసుకోవడం మంచి పద్ధతి. నోటిమాట మీద వచ్చిన కేలరీల అంకెను మాత్రం ఎప్పుడూ కాస్త అనుమానంగానే చూడండి. ఎవరు ఏ రకం ఆహారం తింటున్నారు, ఏది అసలు ముట్టట్లేదు అనేవి అంతకంటే నమ్మదగ్గ సమాచారం.

ఉద్యోగాలు ఎక్కడ? ఏం నేర్చుకోవాలి?

ఎన్‌ఐఎన్, ఇతర ఐసీఎంఆర్ సంస్థలు ప్రాజెక్టుల కోసం ‘ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్’ పేరుతో తాత్కాలిక పోస్టులు ప్రకటిస్తుంటాయి. అర్హత పోస్టును బట్టి మారుతుంది. చాలావాటికి వాక్-ఇన్ ఇంటర్వ్యూలే. వాటి వెబ్‌సైట్లలో నోటిఫికేషన్లు చూస్తుండండి. న్యూట్రిషన్, హోమ్ సైన్స్, లైఫ్ సైన్సెస్ వాళ్లకు ఎన్‌ఐఎన్‌లో ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ మంచి దారి. జాతీయ శాంపిల్ సర్వేలకు, స్వచ్ఛంద సంస్థల అధ్యయనాలకు ఫీల్డ్ సిబ్బంది కావాలి. ఇవి చాలావరకు కాంట్రాక్టు పనులేనని ముందే తెలుసుకోండి. ఇక్కడ సంపాదించే అనుభవం మాత్రం పీజీకి, పరిశోధనకు, డేటా ఉద్యోగాలకు పనికొస్తుంది.

ఇంజినీరింగ్ వాళ్లు ఓడీకే, కోబో టూల్‌బాక్స్ లాంటి ఉచిత సర్వే టూల్స్ నేర్చుకోవచ్చు. పెద్దమనిషి రోజుకు 300 కిలో కేలరీలే తిన్నట్టు నమోదైతే అక్కడికక్కడే ‘మళ్లీ అడగండి’ అని హెచ్చరించేలా ఫారం డిజైన్ చేయడం చిన్న పని కాదు. ఫొటో చూసి కేలరీలు చెప్పే ఏఐ యాప్‌లు వస్తున్నాయి కదా అంటారా? కూర పైన తేలే నూనె కొంత కనిపిస్తుంది. లోపల ఇంకిపోయింది కెమెరాకు కనిపించదు. ఆ యాప్‌కు నేర్పడానికీ సరిగ్గా తూచిన డేటానే కావాలి.

ఓ మినీ ప్రాజెక్టు చెబుతా. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ త్రాసు చాలు. తెలిసిన ఐదారు ఇళ్లలో అనుమతి తీసుకుని, ఒక మనిషి ఒక రోజు తినే ప్రతిదీ తూచి రాయండి. మర్నాడు ఆ అంకెలు చూడని మీ ఫ్రెండ్ వెళ్లి ‘నిన్న ఏం తిన్నారు’ అని అడగాలి. ఇలా అడగడానికి అమెరికా వ్యవసాయ శాఖ వాడే ఐదు దశల పద్ధతి ఉంది. ముందు గుర్తున్నవన్నీ గబగబా చెప్పించాలి. తర్వాత చాయ్, బిస్కెట్లు, పల్లీలు లాంటి మర్చిపోయేవి ఒక్కోటీ అడగాలి. మూడోది, ఎన్ని గంటలకు తిన్నారో. నాలుగోది, ఎంత తిన్నారో, ఎలా వండారో. చివర్లో ‘ఇంకేమైనా?’ అని మరోసారి. రెండు లెక్కల మధ్య తేడా ఎంతో, ఏ పదార్థంలో ఎక్కువో పట్టిక వేయండి. పెబ్బేరు ఫిషరీస్ కాలేజీ విద్యార్థులైతే చేపల కూరతో మొదలుపెట్టొచ్చు. ముల్లు, తల తీసేశాక తిన్నది ఎంతన్నది తేల్చడమే మంచి పరిశోధన ప్రశ్న. తూస్తుంటే జనం తిండి తీరు మారుతుంది, అది కూడా రిపోర్టులో రాయండి. రెజ్యూమెలో ‘డేటా అనలిటిక్స్ తెలుసు’ అనే వాక్యం కంటే ఈ పట్టిక గట్టిగా మాట్లాడుతుంది.

ఇంటర్వ్యూలో ‘శాంపిల్ పది రెట్లు చేస్తే ఈ తేడా తగ్గుతుందా?’ అని అడిగితే కాటా గుర్తుతెచ్చుకోండి.

చెట్టు కింద నింపిన ఫారం

చివరిగా ఓ మాట. ఫీల్డ్ పనిలో ఎండ ఉంటుంది, టార్గెట్ ఉంటుంది. ఇరవయ్యో ఇంటికి తాళం ఉంటుంది. చెట్టు కింద కూర్చుని పక్కింటి జవాబుల్నే అటూ ఇటూ మార్చి నింపేయాలనిపిస్తుంది. అలా నింపిన ఫారాన్ని కంప్యూటర్ అన్నిసార్లూ పట్టుకోలేదు. మోడల్‌కు అదీ డేటాయే. కానీ అంగన్‌వాడీలో ఏం పెట్టాలి, రక్తహీనతకు ఏ మందు ఎవరికివ్వాలి లాంటి నిర్ణయాలు ఆ అంకెల మీదే నడుస్తాయి. తాళం వేసిన ఇంటికి ‘తాళం’ అని రాయడమూ నిజమైన డేటానే. సాయంత్రం మళ్లీ వెళ్లడం ఇంకా మంచిది.

రొట్టె సైజు అడగాలని, గట్క ఏ గిన్నెలో కొలుస్తారని, ‘తినలేదు’ అంటే అన్నం తినలేదనే అర్థమని ఏ కోచింగ్ సెంటరూ నేర్పదు. మీ ఊళ్లో పెరగడం వల్ల మీకది వచ్చేసింది. దాన్ని తక్కువగా చూడకండి. దానికి కాస్త గణాంకశాస్త్రం, ఓ సర్వే టూల్, మళ్లీ మళ్లీ అడిగే ఓపిక జోడించండి. ముందుగా ఈ రాత్రి ఇంట్లో అందరూ పెట్టుకున్న అన్నం ఎన్ని కప్పులో లెక్కబెట్టి, రేపు పొద్దున వాళ్లనే అడిగి చూడండి.